సన్న తీగ

తండ్రి పోయిన కబురు అందిన సాయంత్రం కూడా జకరయ్య బొంబాయిలో కచేరీ చేశాడు. ఎప్పుడో ఒప్పుకున్న కచేరీ, ఇప్పుడు మానడానికి వీల్లేదన్నారు నిర్వాహకులు. ఆ పూటే బండెక్కినా మట్టి వేసే వేళకు ఊరు చేరలేనని అతనికీ తెలుసు. గిటారు పట్టుకుని వేదికెక్కి, చిన్ననాటి నుంచి తనకు పేరు తెచ్చిన పాటే వాయించాడు. ఒక్క తప్పు పోలేదు. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఒక్కరి కళ్ళూ చెమర్చలేదు. అతనివి కూడా.

ఆ తర్వాత నెల రోజులు గిటారు పెట్టె మూత తీయలేదు. నెల తిరిగాక, ఆ పెట్టె పట్టుకుని బిట్రగుంట స్టేషన్లో దిగాడు. ఎవరిచ్చింది వాళ్ళకిచ్చేసి, ఇక ఈ జన్మకి వాయించడం చాలనుకుని వచ్చాడు.

ఆ గిటారు ఇచ్చినవాడు డెస్మండ్ పీటర్స్. బొగ్గు ఇంజన్ల కాలంలో రైలు డ్రైవరు, ఆంగ్లో ఇండియన్. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఒక నల్లజాతి అమెరికా సిపాయి దగ్గర ఆయన బ్లూస్ నేర్చుకున్నాడు. పత్తి చేలల్లో నడుములు విరిగేలా చాకిరీ చేసినవాళ్ళు తమ దుఃఖాన్ని తామే పాడుకున్న పాటలవి. పీటర్స్ పెళ్ళి చేసుకోలేదు. ఆ పాటలతోనే కాపురం చేస్తున్నాడని రైల్వే కాలనీలో వేళాకోళం చేసేవాళ్ళు. జకరయ్య తండ్రి దేవదానం ఆయన ఇంజన్లోనే బొగ్గు వేసేవాడు. డ్యూటీ దిగి వచ్చాక ఆయన వాకిట్లో కూర్చుని పాటలు వినేవాడు. పిల్లాడిని తీసుకొచ్చి అప్పగించింది కూడా అతనే.

ఎనిమిదో ఏట జకరయ్యను రైల్వే ఇన్‌స్టిట్యూట్ వేదిక మీద కూర్చోబెట్టారు. గిటారు వెనక పిల్లాడు సగమే కనిపించాడు. వాయించింది పీటర్స్ సార్ కట్టిన పాట. బండి కదిలిపోయాక ప్లాట్‌ఫారం మీదికి పరిగెత్తుకొచ్చిన మనిషి పాట అది. ఆ ఊళ్ళో ప్రతి ఇంటికీ రైళ్ళతోనే బతుకు. ఆ రాత్రి ముందు వరసలో ఉన్న ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకుని ఏడ్చారు. మగవాళ్ళు బీడీ వంకతో బయటికి వెళ్ళారు.

ఆ మీదట వాడిని పట్టేవాళ్ళు లేరు. పదకొండేళ్ళకు మద్రాసు హోటళ్ళు, పదిహేనేళ్ళకు సినిమా పాటల రికార్డింగులు, ఇరవై నిండేసరికి బొంబాయి. పోస్టర్ల మీద మాత్రం, బాల కళాకారులకు పెట్టినట్టే, ‘మాస్టర్ జకరయ్య’ అనే వేసేవాళ్ళు. పక్కన ఆ ఎనిమిదేళ్ళ ఫోటో. ముప్పై ఎనిమిదేళ్ళు వచ్చి చెంపలు నెరిసినా ఆ మాట తీయలేదు. తీయమని అతనూ అడగలేదు, ఎందుకంటే జనం చూడటానికి వచ్చేది ఆ పిల్లాడినేనని అతనికి లోపల తెలుసు.

జకరయ్య వెళ్ళేసరికి పీటర్స్ సార్ వరండాలో పేము కుర్చీలో కూర్చుని ఉన్నాడు. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయింది, అది ఒళ్ళో ఉంది. ఆయన చెల్లెలు ఐవీ ఆంటీ కింద చాప మీద కూర్చుని గోరుచిక్కుళ్ళు తుంచుతోంది.

“ఏందిరా జకరీ, ఇంత ఎండన పడి వచ్చావు? అన్నం తిన్నావా?” అన్నాడు సార్.

“తిన్నాను సార్.”

“మీ నాయన మట్టికి కాలనీ అంతా వచ్చిందిరా,” అంది ఐవీ ఆంటీ. నువ్వే రాలేదని ఆమె అనలేదు. అనకపోవడమే అతనికి గుచ్చుకుంది.

జకరయ్య పెట్టెను సార్ పాదాల దగ్గర పెట్టాడు.

“మీ గిటారు సార్. తీసుకోండి.”

“ఏమొచ్చింది దానికి?”

“దానికేం రాలేదు.” బొంబాయి కచేరీ సంగతి దాచకుండా చెప్పాడు. చెబుతుంటే సిగ్గేసింది, అయినా ఆపలేదు. “ఎనిమిదేళ్ళప్పుడు నా దగ్గర ఏదో ఉండింది సార్. అది ఎక్కడో పోగొట్టుకున్నాను. ఇప్పుడు వేళ్ళు చెప్పినట్టు వింటాయి. నాయన పోయిన రోజు కూడా విన్నాయి. నాకే ఏడుపు రాలేదు. ఇంక ఇది నా చేతిలో ఎందుకు?”

సార్ వంగి కుడి చేత్తో పెట్టె మూత తట్టాడు.

“సరే, ఇచ్చేసి పో. పోయే ముందు ఒకసారి వాయించు. నా వస్తువు సరిగ్గా ఉందో లేదో నేను చూసుకోవద్దా?”

జకరయ్య పెట్టె తెరిచి, శ్రుతి చేసుకుని, ఆ పాటే ఎత్తుకున్నాడు. అది లావు తీగల మీద మొదలై మెల్లగా మెట్లెక్కుతుంది. సన్న తీగతో పని ఒక్కచోటే. పరిగెత్తుకొచ్చిన మనిషికి పోతున్న బండి వెనక దీపం కనపడేచోట, పాట ఒక్కసారి పైకి లేచి ఆ తీగ మీద నిలుస్తుంది. అతని చిటికెన వేలు చూడకుండానే అక్కడికి వెళ్ళి, స్వరాన్ని పట్టుకుని, తిరిగి వచ్చింది.

కింద గోరుచిక్కుళ్ళు టక్, టక్ మని తెగుతూనే ఉన్నాయి.

“బాగుంది,” అన్నాడు సార్. “ఇట్టివ్వు.”

గిటారును ఒళ్ళో ఆనించుకుని, కుడి చేత్తో సన్న తీగ బిరడాను తిప్పాడు. తీగ వదులైంది. ఎంత వదిలాడో ఆయనకే తెలుసు. మీటి చూడలేదు. అలాగే తిరిగి ఇచ్చాడు.

“మళ్ళా వాయించు.”

జకరయ్య చెయ్యి అలవాటుగా బిరడా మీదికి పోయింది.

“ముట్టుకోబాక.”

“శ్రుతి పోయింది సార్.”

“పోనీ. ఆడికి పోయినాక చూసుకో.”

జకరయ్యకు కోపం వచ్చింది. బొంబాయి నుంచి వచ్చిన వాడితో ఈ ఆటలేమిటనుకున్నాడు. కానీ మొదలుపెట్టి నాలుగు మెట్లెక్కేసరికి కోపం పోయి భయం పట్టుకుంది. ముందు ఏం రాబోతోందో తెలియకుండా అతను వాయించి చాలా ఏళ్ళయింది. చెయ్యి దానంతటదే నెమ్మదించింది. ఆ చోటు దగ్గరకొచ్చింది.

చిటికెన వేలు సన్న తీగ మీద పడింది. స్వరం అక్కడ లేదు. ఎక్కడో దిగువన నీరసంగా పలికింది. వేలు తీస్తే పాట తెగిపోతుంది. తీయలేక, తీగను పక్కకు తోశాడు. స్వరం కొంచెం లేచింది, చాల్లేదు. పక్క వేలు కూడా సాయం పెట్టి తోశాడు. ఇంకొంచెం లేచింది. వేళ్ళ కొసలు మండుతున్నాయి. ఇన్‌స్టిట్యూట్ హాలు కళ్ళ ముందుకు వచ్చింది. ముందు వరసలో నాయన, గోళ్ళలో బొగ్గు, చొక్కాకు పైదాకా పెట్టుకున్న గుండీలు. తన చెయ్యి గిటారు మెడ మీద పైకి పాకినప్పుడల్లా ఆయన గడ్డం పైకి లేస్తోంది. మూడో వేలూ తెచ్చి తోశాడు. స్వరం వణుకుతూ పైకి, ఇంకా పైకి వెళ్ళింది. వెళ్ళి ఎక్కడ ఆగిందో అతనికి తెలియలేదు.

వరండాలో టక్ టక్ మనే చప్పుడు లేదు. ఐవీ ఆంటీ చేతిలో తుంచని కాయ ఒకటి అలాగే ఉంది.

జకరయ్య గిటారు మీద తల వాల్చేశాడు. నెల రోజుల కిందట రావలసిన ఏడుపు అప్పుడొచ్చింది. ఇద్దరూ అతన్ని ఆపలేదు.

చాలాసేపటికి ఐవీ ఆంటీ కొంగుతో ముఖం తుడుచుకుంది. “ఆ రోజూ ఇంతేరా. అంత చిన్న చెయ్యి. పైదాకా పాకతా ఉంటే, మీ నాయన కుర్చీలోంచి లేస్తా ఉన్నాడు, తనే అందిస్తాడేమో అన్నట్టు.”

జకరయ్య తలెత్తాడు.

“ఇప్పుడు ఆ స్వరం అందిందా సార్?”

“అప్పుడు మాత్రం అందిందా?” అన్నాడు సార్.

జకరయ్య గిటారును గుడ్డతో తుడిచి పెట్టెలో పెట్టాడు. సన్న తీగను బిగించలేదు. పెట్టె భుజానికెత్తుకుని, సార్‌కు దణ్ణం పెట్టి, నాయనను పెట్టిన చోటు ఎటో ఐవీ ఆంటీని అడిగి తెలుసుకుని, ఎండలోకి దిగాడు.