ఇరవయ్యొక్క తెల్ల రాళ్ళు

మా గురువు రామజోగి గారికి ప్రశ్న అడిగితే జవాబు చెప్పే అలవాటు లేదు. పని చెప్పేవారు. ఆశ్రమంలో చేరిన కొత్తలో నాకీ సంగతి తెలియదు. అట్టలూడిన పుస్తకాలు నాలుగు సొంతంగా చదువుకుని వచ్చినవాణ్ణి. ఐదోది నేనే రాయాలని ఉండేది. అందుకని ఒకనాడు గంభీరంగా అడిగాను.

"గురువుగారూ, కొండని అచలం అన్నారు. మనసు కూడా అలా కదలకుండా ఉండాలంటే ఏం చెయ్యాలి?"

ఆయన సున్నం పూసిన రాళ్ళు ఇరవయ్యొక్కటి చూపించారు. "ఎదురు కొండవాలు మీద, పల్లెకి పైన, తాడు పట్టి వీటిని అడ్డంగా తిన్నగా పేర్చు. వారం వారం చూసి ఎలా ఉన్నాయో చెప్పు."

పేర్చాను. వారం తిరిగి వెళ్తే నడిమి రాళ్ళు వేలెడు కిందికి జారి ఉన్నాయి. మేకలు తన్ని ఉంటాయనుకున్నాను. లోపల భయం మాత్రం వేరు: తాడు పట్టడం కూడా రానివాడినని తేలిపోతుందేమో. చుట్టూ చూసి, సర్దేసి, "తిన్నగా ఉన్నాయండీ" అని వచ్చి చెప్పాను. ఆ తర్వాత ప్రతివారమూ అదే సర్దుడు, అదే మాట. అబద్ధమని కూడా అనలేం. నేను చెప్పేటప్పటికి అవి తిన్నగానే ఉండేవి.

శ్రావణంలో వాన పట్టుకుని వారం రోజులు వదల్లేదు. ఒక ఉదయం నేను నడుం పట్టుకుని రావడం చూసి, భోజనం చేస్తున్న గురువుగారు ఏమైందన్నారు. నొప్పిలో ఉన్నవాడికి ఎక్కడ ఆపాలో తెలియదు.

"నడిమి రాళ్ళని ఈసారి మూరెడు పైకి మొయ్యాల్సి వచ్చిందండీ. పాడు మేకలు."

ఆయన చేతిలో ముద్ద ఆగిపోయింది. "అన్నీ కిందికేనా?"

"అన్నీ కిందికే."

"ఒక్క మేకయినా పైకి తన్నలేదూ?"

నాకు అప్పుడు వెలిగింది. ఆయన చెయ్యి కడుక్కుని లేచారు. "ఎండకి బీటలిచ్చి, వానకి నాని, చెట్ల వేళ్ళకి విడిపోయి, రాయి మట్టవుతుంది. మట్టి ఎప్పుడూ కిందికే చూస్తుంది. పద."

కింద పల్లె పదకొండు గడపలు. కొండ జారుతోంది, ఇళ్ళు ఖాళీ చెయ్యండని గురువుగారు అంటే, ఊరికి పెద్ద సన్యాసమ్మ గుమ్మం దిగలేదు. "మా తాతలనాటి కొండ బాబూ. ఇయ్యాలే కదుల్తాదేటి?"

గురువుగారు నా వైపు చూశారు. ఊరంతా నా వైపే చూసింది. పరువు దక్కించుకోవడానికి మేకల కథ ఇంకా నా దగ్గరే ఉంది. వదిలేశాను.

"ఇయ్యాల కాదమ్మా, నాలుగు నెలల నుంచీ కదులుతోంది. వారం వారం నేనే రాళ్ళు వెనక్కి సర్ది, తిన్నగా ఉన్నాయని చెప్పాను."

"అయితే ఇన్నాళ్ళూ కొండని ఆపుతున్నది నువ్వేనేటి, నాయనా?"

అందరూ నవ్వారు. ఆవిడ మాత్రం నవ్వకుండా నా మొహం పరీక్షగా చూసింది. "తనని తానే ఇంత ఎదవని సేసుకున్నోడు అబద్దమాడడు. లెగండి."

మధ్యాహ్నానికల్లా ముసలీ ముతకా, గొడ్డూ గోదా ఆశ్రమం మిట్టకి చేరాయి. ఆఖరున పొదిగే కోడిని గుడ్లతో సహా గంపలో నేనే మోశాను. అది దారి పొడుగునా నన్ను పొడుస్తూనే ఉంది. గంప దించానో లేదో, ఎదురు వాలు ఒక్కసారి నిట్టూర్చినట్టయి, చెట్లు నిలబడ్డవి నిలబడ్డట్టే కిందికి నడిచాయి. ఇళ్ళున్న చోట ఎర్రమట్టి మిగిలింది.

సన్యాసమ్మ మనుషుల్ని లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. నలభై ముగ్గురు. ఒక్కరు తగ్గలేదు. ఎవరో తప్పెట అందుకున్నారు. ఆ వానలోనే, ఇళ్ళు పోయిన జనం, ఆశ్రమం ముంగిట్లో ఎగిరెగిరి ఆడారు. నడుం సంగతి మరచి నేనూ ఆడాను. మూడోనాడు గంపలో తొమ్మిది పిల్లలు లేచాయి.

వానలు వెలిశాక మళ్ళీ వెళ్ళాను. "గురువుగారూ, కొండే కదిలింది. మరి మనసు సంగతి?"

ఆయన తాడు నా చేతిలో పెట్టారు.

"తిన్నగానే పేర్చు. వంకరపోతే మాత్రం ముట్టుకోకు. వచ్చి చెప్పు."