ముళ్ళపంది పెట్టిన ‘ఊ’ బటన్

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో జంతువుల పిల్లలు వీడియో గేములు ఆడేవారు. అడవిలోకి కరెంటు ఎలా వచ్చిందని మధ్యలో అడక్కండి. కథ చెబుతుంటే ఊ కొట్టాలి, అంతే.

ఆ గేములు తయారు చేసేది ఇద్దరు. కథ రాసేది ఏకాంబరం అనే ముళ్ళపంది. గెంతులు పెట్టేది కొండమ్మ అనే కోతి. ఏకాంబరానికి మనవరాలు చిట్టిముల్లు అంటే ప్రాణం. తన కథలంటే అంతకంటే ఒక పిసరు ఎక్కువ.

ఒక మాఘమాసంలో ఏనుగు పెద్దాయన ఇద్దరినీ పిలిచాడు.

“ఎండలు ముదిరితే కార్చిచ్చు వస్తుంది. నిప్పు కనబడగానే పిల్లలు మూడు బండలు దూకి వాగు దాటాలి. నోటితో చెబితే ఆవులిస్తున్నారు. గేము చేసి నేర్పండి. పోయినేడు కుందేలమ్మ పెద్దబిడ్డ ఒళ్ళు కాలి ఎంత అవస్థ పడిందో చూశారుగా” అన్నాడు.

ఏకాంబరం చూశాడు. అప్పట్నించీ చిట్టిముల్లు కాసేపు కనబడకపోతే చాలు, అతను పొదపొదా వెతుకుతూ తిరిగేవాడు.

పని మొదలుపెట్టిన రోజే గొడవ వచ్చింది.

“గేముకు కథే ముఖ్యం” అన్నాడు ఏకాంబరం.

“కథ కావాలంటే అమ్మమ్మ పక్కన పడుకుంటారు. గేముకొచ్చేది గెంతడానికి అన్నయ్యా” అంది కొండమ్మ.

“నీ గెంతులకు తలా తోకా ఉండదు.”

“నాకు తోక ఉంది. చూసుకో.”

ఇక ఎవరి గేము వాళ్ళే చేశారు.

ముందు ఏకాంబరం గేము వచ్చింది. అందులో నిప్పు పుట్టుక ఉంది. నిప్పు తాతగారి పుట్టుక ఉంది. వాగు అలిగి పుట్టింటికి వెళ్ళిపోయే ఘట్టం ఉంది. మూడు బండల సంగతి చిట్టచివర ఉంది. ఆడేవాళ్ళకు ఒకటే బటన్. దాని మీద ‘ఊ’ అని రాసి ఉంది. నొక్కితే కథ ముందుకు సాగుతుంది.

మూడు రోజుల్లో పన్నెండు వేల ఊలు పడ్డాయి. సంతోషంతో ఏకాంబరం ముళ్ళు నిక్కబొడుచుకున్నాయి. పక్కనున్న నక్క లేచి దూరంగా కూర్చుంది. పిల్లల ముఖాలు చూద్దామని అతను వెళ్ళేసరికి, కుందేలుపిల్ల బటన్ మీద రాయి పెట్టి నిద్రపోతోంది. చిట్టిముల్లు ఒక్కతే మేలుకుని ఉంది, తాత బాధపడతాడని.

తర్వాత కొండమ్మ గేము వచ్చింది. కథ ఒక్క ముక్క లేదు. తెర మీద ఎర్ర చుక్కలు లేస్తాయి. ఎగిరి ముట్టుకుంటే పది మార్కులు.

“ఏం చుక్కలివి?” అని అడిగాడు ఏకాంబరం.

“ఏవో చుక్కలు. బండకీ బండకీ ఉన్నంత దూరం దూకడం వస్తే చాలదూ? పిల్లలే అడగలేదు, నీకెందుకు?”

పిల్లలు అన్నం కూడా మరిచిపోయి ఆడారు. చిట్టిముల్లు మాత్రం తాతకు కోపం వస్తుందని ముట్టుకోలేదు. ఏకాంబరానికి కడుపు మండిపోయింది.

ఫాల్గుణంలో ఒక మిట్టమధ్యాహ్నం వెదురు పొదల్లో నిప్పు రేగింది. ఎర్రటి రవ్వలు పైకి లేచాయి.

“పది మార్కులు!” అని అరిచి కుందేలుపిల్ల రవ్వల మీదికి గెంతింది. చాలా చక్కగా గెంతింది.

చిట్టిముల్లు వాగు ఒడ్డున మొదటి బండ ముందు నిలబడిపోయింది. నిప్పు ఏడు తరాలూ దానికి పొల్లుపోకుండా వచ్చు. కాలే లేవడం లేదు.

దూరం నుంచి పరుగెత్తుకొస్తున్న ఏకాంబరాన్ని చూసి, “తాతా, ఇప్పుడు బండ మీదికి దూకాలి కదా?” అని అరిచింది.

“దూకు తల్లీ! దూకు!”

“ఎలా తాతా?”

ఏకాంబరం ఆ ముక్క ఎక్కడా రాయలేదు.

ఏనుగు పెద్దాయన పరుగున వచ్చి నీళ్ళు చిమ్మి ఇద్దరినీ కాపాడాడు. కుందేలుపిల్లకు మీసాలు కాలాయి. చిట్టిముల్లుకు మూడు ముళ్ళు కాలి రాలిపోయాయి. ఆ మూడు ముళ్ళూ చేతిలో పట్టుకుని ఏకాంబరం ఏడ్చాడు. ఏడ్చి కొండమ్మ చెట్టు కిందికి వెళ్ళాడు. కొండమ్మ అప్పటికే ఏడుస్తోంది.

“నా మార్కులు తీసేస్తా అన్నయ్యా.”

“నేను నిప్పు తాతగారిని తీసేస్తా.”

“మరి వాగు పుట్టిల్లు?”

ఏకాంబరం చాలాసేపు ఆలోచించాడు. “అదీ తీసేస్తా” అన్నాడు.

మూడో గేము ఇద్దరూ కలిసి చేశారు. వెనక నిప్పు, ముందు వాగు, వాగులో మూడు బండలు. ఆడేవాళ్ళ వీపు మీద ఎగరడం రాని పిట్టపిల్ల. తొందరపడి దూకితే పిట్ట జారిపోతుంది. ఆలస్యం చేస్తే నిప్పు వచ్చేస్తుంది. గేము మొత్తానికి మాట ఒక్కటే. “నన్ను దాటించవూ?” అంటుంది పిట్ట. ఆ ఒక్క మాట రాయడానికి ఏకాంబరానికి పదకొండు రోజులు పట్టింది.

పిల్లలు పిట్టకు పేరు పెట్టుకున్నారు. అది జారిపోతే ఏడ్చారు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ ఆడారు.

వైశాఖంలో టేకు చెట్ల వైపు నుంచి నిప్పు వచ్చింది. ఈసారి పెద్దది. ఏకాంబరం పడుతూ లేస్తూ వాగు దగ్గరికి పరుగెత్తాడు. పిల్లలందరూ అప్పటికే అవతలి ఒడ్డున ఉన్నారు. చిట్టిముల్లు ముళ్ళు అణుచుకుని నిలబడింది. దాని వీపు మీద నిజం పిట్టపిల్ల ఒకటి కూర్చుని ఉంది.

ఏకాంబరం కూడా వాగు దాటి మనవరాలి పక్కన కూలబడ్డాడు.

“ఎలా దాటావే అమ్మలూ?”

“అది పెద్ద కథ తాతా. మొదట్నించీ చెబుతా. మధ్యలో నిద్రపోకూడదు. ఊ కొట్టాలి.”

“ఊ” అన్నాడు ఏకాంబరం.

నీతి: ఎదుటివాళ్ళు మనస్ఫూర్తిగా ఊ కొట్టాలంటే వాళ్ళను కాలు కదపనివ్వాలి; కాలు కదపమనే ముందు ఎటు, ఎందుకు అన్నది చెప్పాలి.