వెండిపిడి పిస్తోలు

జమీందారుల కాలంలో కొండవలస సంస్థానంలో ఏటా దసరాకి పిస్తోలు పందెం పెట్టేవారు. గెలిచినవాళ్లకి రెండెకరాల మాన్యం. కాకపోతే ఎవరి పిస్తోలు వాళ్లే తెచ్చుకోవాలి. అందుకే దసరా వస్తోందంటే తుపాకుల కొట్టు గవర్రాజుకి కాళ్లు నేలమీద నిలిచేవి కావు.

ఆ ఏడు కొట్టుకి నూకాలు వచ్చింది. జొన్నచేలో మంచెక్కి ఒడిసెలతో రాళ్లు విసిరి పిట్టల్ని తోలే మనిషి పిస్తోలు అడిగేసరికి గవర్రాజు నోరెళ్లబెట్టాడు. పక్కనే దివాన్‌గారు వెండిపిడి పిస్తోలు బేరమాడుతున్నారు. ఆయన వినేలా గొంతు పెంచాడు.

"నీ డబ్బుకి ఆ మూలనున్న కర్రపిడిదే వస్తుంది. దాంతో ఎదురుగా ఉన్న ఏనుగుని కూడా కొట్టలేవు. ఈ వెండిపిడిది చూడు, కళ్లు మూసుకుని పేల్చినా గురి తప్పదు. అప్పోసప్పో చేసి ఇదే కొనుక్కో."

నూకాలు వెండిపిడి పిస్తోలు చేతిలోకి తీసుకుంది.

"అయితే బాబూ, ఓ కొబ్బరికాయ పట్టుకుని ఆ గోడ దగ్గర నిలబడండి. కళ్లు మూసుకుని ఒక్కసారి పేల్చి చూసుకుంటాను."

గవర్రాజు గబుక్కున బల్ల వెనక్కి తప్పుకున్నాడు.

"ఓసి నీ దుంపతెగ! పుట్టి బుద్ధెరిగి పిస్తోలు పట్టావా నువ్వు? గురి మనిషి చేతిలో ఉంటుంది గానీ పిస్తోల్లో ఉంటుందా?" అని కేకపెట్టాడు.

"చేతిలో అయితే నాకుందండి, కావాలంటే మా చేలో పిట్టల్నడగండి. ఆ కర్రపిడిదే ఇప్పించండి," అని నూకాలు వెండిపిడిదాన్ని బల్లమీద పెట్టేసింది.

దివాన్‌గారు ఆ వెండిపిడి వంక మళ్లీ చూడనైనా చూడలేదు.

"ఏమయ్యా, అలాంటి కర్రపిడిది ఇంకోటుందా?" అన్నారు.