ముందు అవతలివాళ్ళ మెట్లు

జపాన్ దేశంలో పడమటి సముద్రానికి ఎదురుగా కురోమత్సు అని ఒక కొండ ఉంది. చలికాలం వచ్చిందంటే అక్కడ మంచు చూరు దాకా పేరుకుంటుంది. ఆ కొండమీది జంతువులకు అప్పుడు రెండే పనులు. ఒకటి మంచు తోయడం, రెండోది బంతి తన్నడం. మొదటిది లేకపోతే రెండోది లేదని గొంబె అనే ముసలి ఎద్దు అందరికీ చెబుతుండేవాడు. చెప్పిందే చెబుతాడని కుర్రకారు నవ్వేవాళ్ళు. నవ్వినా చెప్పడం మానేవాడు కాదు.

గొంబె వయసులో ఉండగా అక్కడ కుమాహచి అనే ఎలుగుబంటికి కోతమిల్లు ఉండేది. ఎద్దులు దుంగలు లాగేవి, కోతులు కొమ్మలు కొట్టేవి, అడవిపందులు మొద్దులు పెకలించేవి. మధ్యాహ్నం అన్నం ముద్దలు తిన్నాక గడ్డితాడు ఉండచుట్టి, రంపపు పొట్టులో దాన్ని తన్నుకుంటూ ఆడేవి. ఒకనాడు పని ఎగ్గొడుతున్నారని ఎలుగు కోపంగా వచ్చాడు. తిట్టడానికి వచ్చినవాడు ఆట అయ్యేదాకా అక్కడే కూర్చుండిపోయాడు. ఆ తర్వాత అందరికీ ఆకుపచ్చ చొక్కాలు కుట్టించాడు. కురోమత్సు జట్టు పుట్టుక అదీ.

మొదటి పోటీ హమానో రేవు జట్టుతో జరిగింది. రేవు నుంచి నీటికుక్కలు, బాతులు, జింకలు తమవాళ్ళ ఆట చూడటానికి కొండెక్కి వచ్చి, మోకాటి లోతు మంచులో వణుకుతూ నిలబడ్డారు. కొండవాళ్ళు మైదానం పక్కన తాము ఊడ్చుకున్న మెట్లమీద వెచ్చగా కూర్చున్నారు. ఆట గెలిచింది కొండ జట్టే. అయినా అప్పటి కెప్టెన్ తెత్సుజో, గొంబెకు మేనమామ, మొహం మాడ్చుకుని ఇల్లు చేరాడు. "వచ్చినవాణ్ణి మంచులో నిలబెట్టి గెలిస్తే దాన్ని గెలుపనరు. ఇకమీదట ముందు అవతలివాళ్ళ మెట్లు ఊడవాలి. తర్వాత మైదానం. ఆఖర్న మన మెట్లు," అన్నాడు.

తెత్సుజో పోయాడు. కొండలకూ మైదానాలకూ కలిపి పెద్ద పోటీ వచ్చింది. ఆడేవాళ్ళకు జీతాలొచ్చాయి, గెలిచినవాళ్ళు పై వరసకూ ఓడినవాళ్ళు కింది వరసకూ పోవడం వచ్చింది. చెట్లు తరిగిపోయి కోతమిల్లు మూతపడింది. జట్టు మాత్రం మూతపడలేదు. కొండమీద ప్రతి గూడూ ప్రతి గుహా ముల్లంగులో బియ్యమో తెచ్చి ఆటగాళ్ళను సాకింది. ఆట మానిన గొంబె మైదానం చూసుకునేవాడు. మెడకు తాళ్ళు కట్టుకుని, తోపుడు చెక్కను ముందుపెట్టి, మామ చెప్పిన వరస తప్పకుండా మంచు తోసేవాడు.

ఆ ఏడు రోజులు బాగా లేవు. జట్టు ఓడుతూ ఓడుతూ పై వరస అంచుకు వచ్చింది. మిగిలింది ఒక్క ఆట, అదీ హమానో రేవు జట్టుతో, కొండమీద. గెలిచినా సమానంగా ముగిసినా నిలుస్తారు. ఓడితే కింది వరసకు జారతారు.

సరిగ్గా అప్పుడు రేవు జట్టు పెత్తందారు కొన్కిచి అనే నక్క ఎలుగు గుహకు వచ్చాడు. రేవు జట్టూ కొండ జట్టూ ఒకటైపోతే బాగుంటుందనీ, చేపల రేవు కాబట్టి తిండికి లోటుండదనీ, కొత్త పేరులో కురోమత్సు పేరు కూడా తోకలా తగిలిస్తాననీ చెప్పుకొచ్చాడు. ఎలుగుకు అప్పటికే నిద్ర ముంచుకొస్తోంది. చలికాలపు నిద్రను ఈ ఆఖరి ఆట కోసమే వాయిదా వేసుకుంటూ వస్తున్నాడు. జట్టు నిలిస్తే సరేననీ, కింది వరసకు పడితే మాత్రం మోయలేననీ, నక్కకే అప్పగించి పడుకుంటాననీ మాట ఇచ్చేశాడు.

గొంబె గుహ బయటే నిలబడి విన్నాడు. నక్క బయటికి వచ్చి అతన్ని చూసి, వినయంగా వంగి, "కలిసి ఉంటే కలదు సుఖం అన్నారు కదా, మామా," అన్నాడు.

"పులీ మేకా కలిసి పడుకుంటే పొద్దున్నే లేచేది పులొక్కటే," అన్నాడు గొంబె.

"పేరు ఉంచుతానన్నాను కదా."

"ఏటి అవతల కొంగల జట్టుకూ అలాగే అన్నారు. ఒక చలికాలం ఉంది ఆ పేరు. తర్వాత ఎవడో చెరిపాడు. ఎవడు చెరిపాడో కొంగలకే తెలీదు."

నక్క నవ్వేసి వెళ్ళిపోయాడు. నవ్వాడే గానీ లోపల గుబులుగానే ఉంది. చలిలో కొండవాళ్ళతో ఆడి గెలవడం అంత తేలిక కాదని వాడికి తెలుసు. అందుకని ఆడకుండానే గెలిచే దారి వెతికాడు. పోటీ నియమం ఒకటుంది. సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి ఇంటి జట్టు మైదానాన్ని ఆటకు సిద్ధం చేయాలి. చేయకపోతే ఓడినట్టే.

ఆటకు ముందురోజు మంచు మొదలైంది. నక్క కాకులకు చేపతలలు పెట్టి కొండంతా కబురు పంపాడు. మంచు మూలాన ఆటను రేవుకు మార్చారనీ, కనుమదారి పూడిపోయింది గనక అందరూ ఏటి దారినే దిగాలనీ కాకులు చెట్టు చెట్టుకూ చెప్పాయి. తెల్లారేసరికి కొండమీది పిల్లా పెద్దా చుట్ట చుట్టిన జెండాలు భుజాన వేసుకుని ఏటి దారి పట్టారు. దారిలో గొంబెను కూడా పిలిచారు.

"మంచు పడిందని కురోమత్సులో ఆట ఎప్పుడైనా మారిందా?" అన్నాడు గొంబె.

ముసలాడు పట్టిన కుందేటికి మూడే కాళ్ళని గొణుక్కుంటూ వాళ్ళు దిగిపోయారు. గొంబె నేరుగా రిఫరీ దగ్గరికి నడిచాడు. రిఫరీ ఒత్సురు అనే పెద్ద కొంగ. ఎవరి పక్షమూ పట్టదు, ఎవరి మొహమూ చూడదు. ఆట ఇక్కడేననీ, మార్చమని తననెవరూ అడగలేదనీ, అడిగినా మార్చేది లేదనీ చెప్పింది. నడినెత్తి పొద్దుకు తన కంటికి గీతలు కనబడాలంది.

గొంబె కొండ అంచుకు పరుగెత్తి చూశాడు. వెళ్ళినవాళ్ళ అడుగుజాడలు కూడా అప్పటికే మంచు కప్పేసింది. అరిచినా అందేంత దూరంలో ఎవరూ లేరు. మైదానంమీద మంచు మాత్రం అతని గంగడోలు దాకా ఉంది. గొంబె మాట నమ్మి ఆగిపోయిన ఆటగాళ్ళు తలా ఒక చెక్క పట్టుకుని వచ్చారు. గొంబె ఒప్పుకోలేదు. వాళ్ళు ఇప్పుడు మంచు తోస్తే ఆటలో కాళ్ళు లేవవని, లోపలికి వెళ్ళి వెచ్చగా కూర్చోమని కసిరాడు.

అడవిపంది ఇనోకిచి మాత్రం కదల్లేదు. జట్టుకు గోలు కొట్టేది వాడే. "నువ్వొక్కడివీ ఎంత తోస్తావు, తాతా?"

"తోసినంత."

"అయితే మైదానంతో మొదలుపెట్టు. అవతలివాళ్ళ మెట్ల సంగతి ఈ ఒక్కసారికి వదిలెయ్యి."

గొంబె మెడకు తాళ్ళు బిగించుకుని అవతలివాళ్ళ మెట్లవైపే నడిచాడు. ఈ మంచు ఒక్కడివల్ల అయ్యేది కాదని అతనికీ తెలుసు. కానీ ఈ జట్టు ఇవాళ పోయేదైతే, జట్టులాగే పోవాలి. మామ పెట్టిన వరస తప్పి బతికితే, ఆ బతికేది వేరే ఏదో జట్టు అవుతుంది. అదీ అతని మొండితనం.

సగం మెట్లు ఊడ్చేసరికి నక్క దిగాడు. జారుడుబండిలో వచ్చాడు. బండిలో రేవు ఆటగాళ్ళున్నారు, వెనకాల బట్ట చుట్టిన పొడవాటి బోర్డు ఒకటి ఉంది. ఆట ఎలాగూ జరగదని, చేతులు కలిపి తిరిగి రావడమేనని నక్క తన ఆటగాళ్ళకు ముందే చెప్పాడు. వాళ్ళు దారిలో సత్రం దగ్గర ఆగి, కాల్చిన చేపలూ వేడి నూడుల్సూ మెడదాకా లాగించి వచ్చారు. బండిని గోలు వెనక పెట్టించి, నక్క చేతులు కట్టుకుని ఎద్దును చూశాడు.

"ఇల్లు కాలుతుంటే పక్కింటి వాకిలి ఊడుస్తున్నావేంటి, మామా? ఆ మెట్లు ఎవరికోసం?"

"మీవాళ్ళకోసమే. వస్తారు కదా."

"వస్తే ఏముంది చూడటానికి?"

"అది వాళ్ళకి నువ్వే చెప్పుకో," అన్నాడు గొంబె.

అప్పటికి గానీ నక్కకు గుర్తు రాలేదు. కొండవాళ్ళను మాయచేసే హడావిడిలో తనవాళ్ళ మాటే మరిచాడు. రేవు అభిమానులు ఎండైనా వానైనా ఆటకు చాలా ముందే చేరుకునే రకం. చేతిలో సంచి లేకుండా రారు. ఏ ఊరి మైదానానికి వెళ్ళినా, ఆట అయ్యాక తాము కూర్చున్న చోట కాగితం ముక్క మిగలకుండా ఏరి తీసుకెళ్తారు. నక్క ఇలా అనుకుంటూ ఉండగానే కనుమదారి మీంచి నీలం జెండాలు కనిపించాయి. కనుమదారి పూడిపోలేదు మరి.

ముందు నడిచేది ఒసెన్ అనే ముసలి నీటికుక్క. రేవు అభిమానుల డోలు ఆమెదే. పైకి వచ్చి ఆగింది. తాము కూర్చోవలసిన మెట్లు అద్దంలా ఉన్నాయి. ఎదురుగా మైదానం తెల్లగా, ఎత్తుగా ఉంది. దాని ఒక మూలన ఒక్క ముసలి ఎద్దు తాళ్ళు మెడకు కోసుకుపోతుంటే చెక్కను నెడుతున్నాడు. అవతల కొండవాళ్ళ మెట్లమీద ఒక్క ప్రాణి లేదు.

"అన్నా, మీవాళ్ళంతా ఏరి?"

"ఆట రేవులో అని కాకులు చెప్పాయట, చెల్లెమ్మా. దిగిపోయారు."

"రేవులో ఎవరున్నారు? మేమంతా ఇక్కడుంటే."

గొంబె మళ్ళీ చెక్కను నెట్టాడు. కళ్ళెత్తి నక్క వైపు కూడా చూడలేదు. ఒసెనే చూసింది. నక్క తేలు కుట్టిన దొంగలా ఒకసారి నవ్వి, కష్టం లేకుండా గెలుస్తున్నాం గదా, అందరూ కూర్చుని వేడి టీ తాగండి, అన్నాడు.

"పిల్లల్ని చంకనేసుకుని కొండెక్కాం," అంది ఒసెన్ నెమ్మదిగా. "టీ కోసమా?"

ఆమె మెట్లమీద కూర్చోలేదు. డోలు కిందపెట్టి, అన్నం డబ్బా మూత తీసి, దాంతో మంచు ఎత్తడం మొదలుపెట్టింది. ఆమె వెనకున్న బాతులు చాపలు విప్పాయి. జింకలు జెండా కర్రలు అడ్డంగా పట్టుకుని నెట్టాయి. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. శుభ్రం చేసిన చోట కూర్చుని శుభ్రం కాని చోటును చూడటం వాళ్ళ ఒంటికి పడలేదు. మీరు మన శత్రువుకు సాయం చేస్తున్నారని అరుస్తూ నక్క వరసలమధ్య తిరిగాడు. ఒక బాతు అతని చేతిలో చాప కొస పెట్టి, ఊరికే తిరగకపోతే అది పట్టుకోమంది.

తీసిన మంచును ఎక్కడో ఒకచోట పొయ్యాలి. గోలు వెనక పోశారు. నక్క బండి అక్కడే ఉంది. చూసేసరికి బండి లేదు, ఒక తెల్లటి గుట్ట ఉంది.

సూర్యుడు నడినెత్తికి వచ్చాడు. ఒత్సురు కొంగ పొడుగు కాళ్ళతో మైదానం చుట్టూ నడిచింది. గీత గీత దగ్గరా వంగి చూసింది. ఆఖరి మూలకు వచ్చాక కొంగ తలెత్తి, ఆటగాళ్ళను పిలవమంది.

గొంబె అప్పుడు మెడ తాళ్ళు విప్పుకున్నాడు. ఒసెన్ పక్కకు వచ్చి డోలు మెడకు తగిలించుకుంది.

"ఏం చెప్పాలో తెలీడం లేదు, చెల్లెమ్మా."

"ఏమీ చెప్పకు. మంచు వేరు, ఆట వేరు. ఇప్పుడు మీ గోలులో ఎన్ని పడతాయో లెక్కపెట్టుకో," అని ఆమె పోయి డోలు వాయించింది.

అన్నంత పనీ అయింది. మొదట్లోనే రేవు జట్టు ఒక గోలు కొట్టింది. కొండ జట్టును కేకేసి లేపడానికి మెట్లమీద గొంబె ఒక్కడే ఉన్నాడు, ఆ గొంతూ సగం పోయింది. అయితే ఒసెన్ డోలు మోత కొండదిగి లోయలోకి పోయింది. మంచులో దిగబడుతూ ఇంకా ఏటి ఒడ్డునే నడుస్తున్న కొండవాళ్ళు ఆగి చెవులు రిక్కించారు. రేవువాళ్ళ డోలు రేవులో మోగాలి గానీ తమ కొండమీద మోగడమేమిటి? విషయం అర్థమైంది. వెనక్కి తిరిగి ఎగువకు పరుగు తీశారు. వాళ్ళు రొప్పుతూ మెట్లు చేరి, ఊడవని మంచులోనే నిలబడి ఆకుపచ్చ జెండాలు విప్పేసరికి ఆట ఆఖరికి వచ్చింది.

రేవు ఆటగాళ్ళకు అప్పటికి చేపలూ నూడుల్సూ బరువెక్కాయి. ఇనోకిచికి పక్కలకు తిరగడం రాదు, ఎదురుగా పోవడమే వచ్చు. బంతితో ఎదురుగానే పోయాడు. అడ్డం రావాల్సిన ముగ్గురూ పొట్టలు పట్టుకుని ఒకరినొకరు చూసుకున్నారు. బంతి గోలులోకి పోయి, వల వెనకనున్న మంచుగుట్టకు తగిలి ఆగింది. కాసేపటికి కొంగ ఈల ఊదింది. ఆట సమానం.

కుమాహచి ఎలుగు గుహ ముందు నుంచి ఇదంతా చూశాడు. ఒక పెద్ద ఆవులింత తీసి, "జట్టు జట్టుగానే ఉంటుంది. నన్ను వసంతంలో లేపండి," అని లోపలికి పోయి పడుకున్నాడు. ఆ కొండమీద ఆ రోజు అతనికంటే హాయిగా నిద్రపోయినవాళ్ళు లేరు, గొంబె తప్ప.

రేవువాళ్ళు తాము కూర్చున్న మెట్లు ఎప్పటిలాగే ఏరి, సంచులు కట్టుకుని, గొంబెకు తలవంచి దిగిపోయారు. నక్క మాత్రం మిగిలాడు. మంచుగుట్ట ముందు నిలబడి, బండి ఎటువైపు ఉందో ఆలోచిస్తున్నాడు. గొంబె తోపుడు చెక్క తెచ్చి అతని పక్కన పెట్టాడు.

"కావాలా, అల్లుడూ?"

బండి దొరికింది గానీ బోర్డు దొరకలేదు. అది వసంతంలో మంచు కరిగాక బయటపడింది. హమానో రేవు పేరు పెద్దగా, కురోమత్సు పేరు ఒక చివర చిన్నగా, ముందే రాయించి పెట్టిన కొత్త జట్టు బోర్డు. మంచి దేవదారు చెక్క. గొంబె దాన్ని పారెయ్యలేదు. రెండు చివరలా కన్నాలు వేసి తాళ్ళు కట్టాడు. మరుసటి చలికాలం రేవు జట్టు కొండకు వచ్చేసరికి, అవతలివాళ్ళ మెట్లమీద మంచును దాంతోనే తోస్తున్నాడు.

నీతి: ఎదుటివాడి చోటు ముందు ఊడ్చినవాడి ముంగిట మంచు నిలవదు.