ఉలవగింజలో దారప్పోగు

ఓబుళపతి మాస్టారిని ఏమడిగినా నోటితో జవాబు చెప్పరు. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంటారు. అనంతపురంలో ఆయన దగ్గర పరిశోధన చేసేవాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు.

ఆ శుక్రవారం అడిగింది హంసవేణి. "సార్, ఆకారమే లేనిదాన్ని పట్టుకుని ఎన్నాళ్ళు వేలాడేది?"

జన్యువులోని అక్షరాలు చదివి, వాటినుంచి పుట్టే ప్రొటీన్ ఏ రూపంలో ముడుచుకుంటుందో కంప్యూటర్‌తో గీయించడం అక్కడి పని. హంసవేణి ఉలవగింజలోని ఒక ప్రొటీన్‌ని ఎంచుకుంది. ఎండి గలగలలాడే గింజలో ప్రాణం ఎట్లా నిలుస్తుందో అది చెబుతుందని ఆమె ఆశ. తక్కినవాళ్ళ ప్రొటీన్లన్నీ పూలచెండ్లలా ముడుచుకుంటే, ఆమెది మాత్రం ఎప్పుడు గీయించినా చిక్కుబడ్డ దారప్పోగే. "మ్మే వేణీ, నీ పీచుమిఠాయికి రంగేసినావా?" అని సీనియర్ చాంద్‌బాషా ఏడిపించేవాడు. సోమవారం కమిటీ ముందు దాన్ని ఉంచుకునేదీ వదులుకునేదీ తేల్చి చెప్పాలి. వదిలేస్తే ఇన్నాళ్ళ చాకిరీ గంగపాలు. పైగా ఆ దిక్కులేని దారం మీద ఆమెకెందుకో మనసైపోయింది.

మాస్టారు కుర్చీ లాక్కున్నారు. "దాన్ని ఎక్కడ పెట్టి చూసినావు పాపా?"

"నీళ్ళలో సార్. కణంలో ఉండేది నీళ్ళే కదా. అందరూ అట్లే చూస్తారు."

"ఆ నీళ్ళు తీసెయ్."

హంసవేణి తెల్లబోయింది. అయినా లెక్కలోంచి నీటిని కొంచెం కొంచెంగా తోడెయ్యమని కంప్యూటర్‌కి పురమాయించింది. ఆదివారం మధ్యాహ్నానికి లెక్క తెమిలింది. ముగ్గురూ తెర ముందు చేరారు.

మొదట విశేషమేమీ లేదు. నీళ్ళు పలచబడుతున్నాయి, దారం అట్లాగే కొట్టుకులాడుతోంది. సగానికి పైగా నీళ్ళు పోయాక ఒక కొస మెల్లగా మెలితిరిగింది. దాని పక్కనే ఇంకో మెలిక. చూస్తుండగానే, కనపడని పందిరేదో దొరికిన తీగలాగా ఆ దారం తన్ను తానే అల్లుకుంటూ పోయింది. నీళ్ళన్నీ ఇంకేసరికి నిండు రూపంతో నిశ్చలంగా నిలిచింది. రెప్ప వేస్తే చెదిరిపోతుందేమోనని హంసవేణి రెప్ప వెయ్యలేదు. చాంద్‌బాషా తనకు తెలియకుండానే లేచి నిలబడ్డాడు. "యా అల్లా!" అన్నాడు, అంతే.

"దీన్ని వదలను సార్," అంది హంసవేణి. "ఇంత అందం పెట్టుకుని ఇన్నాళ్ళూ ఎందుకు దాచింది?"

మాస్టారు తెరవైపే చూస్తూ కుర్చీ వెనక్కి జరిపారు.

"తడి ఉన్నంతసేపూ దానితో పనిపడి పిలిచిందెవరు పాపా?"