మూట లేని నక్క

వాగు ఒడ్డున చాకిరేవులో మాలచ్చి అనే గాడిద ఉండేది. ఉతికిన బట్టల మూట వీపున వేసుకుని ఊళ్లోకి చేర్చడం దాని పని. ఎవరు ఎగతాళి చేసినా చెవులు ఆడించి ఊరుకునేది. దాని బెంగంతా కొడుకు సింగడి మీదే. ఆరు నెలలొచ్చినా వాడి కాళ్లు నిలవడం లేదు. లేస్తాడు, వణుకుతాడు, చతికిలబడతాడు.

తుమ్మచెట్టు మీద వైద్యం చేసే గిజిగాడు ఒకరోజు సీసా పట్టుకుని దిగాడు.

"అక్కా, ఒంట్లో కణాలని కోట్లకొద్దీ చిన్న చిన్న గదులుంటాయి. ప్రతి గదిలోనూ ఏ పని ఎలా చెయ్యాలో రాసిన జన్యువుల పుస్తకం ఉంటుంది. మీవాడి పుస్తకంలో కాళ్ల బలం గురించిన ఒక్క వాక్యం పోయింది. అది నేను రాసి పెట్టాను. ఇదే మందు."

"అయితే ఇంకా చూస్తావేం? పొయ్యవయ్యా వాడి నోట్లో!"

"అబ్బో, అంత తేలికా! ఉత్తగా పంపిస్తే నెత్తుట్లో కాపలావాళ్లు దారిలోనే చింపి పోగులు పెడతారు. అందుకే పాలిమర్ దారాలతో కంటికి కనిపించని సంచులు అల్లి వాటిలో పెట్టాను. గది ఆ సంచిని తిండి అనుకుని గుటుక్కున మింగుతుంది. లోపల పులుపు తగలగానే సంచి ఫట్టున పగులుతుంది, వాక్యం బయటపడుతుంది. వానాకాలమంతా అల్లితే ఈ ఒక్క సీసా అయింది తల్లీ, భద్రం! సూది సానబెట్టుకుని రేపు పొద్దున్నే వస్తాను."

సీసా మాలచ్చి మెడకు కట్టి ఎగిరిపోయాడు. పొదలోంచి నక్క కోటప్ప తల బయటపెట్టాడు.

ఈ కోటప్ప సంగతి చెప్పాలి. ఊరవతల దోసపాదులంటే వాడికి ప్రాణం. మధ్యలో ఊరి కుక్కలున్నాయిగా! అందుకని మూట వెళ్లే ప్రతిసారీ మాలచ్చిని బతిమాలి, బట్టల మధ్య దూరి, దర్జాగా ఊరు దాటేవాడు. సబ్బు వాసన తప్ప కుక్కలకు ఇంకేం తెలిసేది కాదు. పాదుల దగ్గర మాలచ్చి పళ్లతో ముడి లాగేది.

"అక్కా, ఘోరం! పాలిమర్ అంటే ఏంటనుకున్నావ్? ప్లాస్టిక్ జాతి! పసివాడి ఒంట్లో ప్లాస్టికా?"

మాలచ్చి గబుక్కున వాడి దగ్గరికి వచ్చింది. "నిజమా తమ్ముడూ?"

"నీ మీదొట్టు! సీసా ఇటియ్యి. సంచులన్నీ కరిగించి స్వచ్ఛమైన మందు తీసిస్తా. వైద్యుడు కోటప్ప అని నలుగురికీ చెప్పు, చాలు!"

పాపం, తల్లిమనసు. మాలచ్చి అప్పటికే మెడ వంచింది. కోటప్ప ముడి మీద పన్ను వేస్తూ నోరు జారాడు.

"అయినా మోసేదానితో పనేంటక్కా? సరుకుంటే చాలదూ!"

మాలచ్చి చెవులు నిటారుగా లేచాయి. మెడ వెనక్కి లాక్కుంది.

"బాగా చెప్పావు తమ్ముడూ. సీసా ఇస్తాను. ముందు ఇవాళ ఒక్కరోజు మూట లేకుండా దోసపాదుల దాకా నడిచి చూపించు. సరుకువి నువ్వే కదా!"

రేవులో నీళ్లు తాగుతున్న మేకలు కిసుక్కున నవ్వాయి. వాటి ముందు వెనకడుగు వేస్తే కాబోయే వైద్యుడి పరువేం కావాలి? "ఓస్, అంతేనా!" అని కోటప్ప తోక ఊపుకుంటూ బయల్దేరాడు. వెనకాల మాలచ్చి మూటతో నింపాదిగా నడిచింది.

మొదటి ఇంటి దగ్గర ఒక కుక్క కళ్లు తెరిచింది. రెండో సందులో నాలుగు లేచాయి. రచ్చబండ దాటేసరికి ఎన్నున్నాయో లెక్కపెట్టే తీరిక కోటప్పకి లేదు! తోక వెంట్రుకలు గాల్లో ఎగురుతుంటే వెనక్కి తిరిగి లగెత్తాడు.

"అక్కా! మూట! ఓ తల్లీ, మూట!"

తలకిందులుగా మూటలోకి దూకాడు. కుక్కలు వచ్చాయి, మూట వాసన చూశాయి, తుమ్మాయి, వెళ్లిపోయాయి. మాలచ్చి పళ్లతో ముడి బిగించి తుమ్మచెట్టు కిందికి నడిచింది. మేకలు కేరింతలు కొడుతూ వెంటపడ్డాయి.

"ఇక విప్పక్కా!"

"ముందు అందరూ వినేలా చెప్పు. సంచి కావాలా, వద్దా?"

"కావాలి! కావాలి! ఊపిరాడట్లేదు, మహాప్రభో!"

మేకలు పడీపడీ నవ్వాయి. మాలచ్చి మాత్రం చెట్టు మీదున్న గిజిగాడి వైపు భయంగా చూసింది. "అయ్యా, ఆ సంచులు వాడి ఒంట్లో ఉండిపోవు కదా?"

"పనయ్యాక ముక్కలైపోయి బయటికి వెళ్లిపోతాయక్కా. అలాంటి దారమే ఏరి ఏరి అల్లాను."

అప్పుడు మాలచ్చి మనసు కుదుటపడి మూట ముడి లాగింది. మర్నాడు సింగడికి సూది పడింది. నెల తిరిగేసరికి వాడు లేచాడు, వణికాడు, నిలబడ్డాడు. మాలచ్చి రేవు దద్దరిల్లేలా ఓండ్ర పెట్టింది. ఆ రోజు ఆ పాట అందరికీ కమ్మగానే వినిపించింది.

ఆ తర్వాత మూట వెళ్లే రోజున సగం తోకతో కోటప్ప చేతులు కట్టుకుని వచ్చాడు. తల్లి చుట్టూ గంతులేస్తున్న సింగడు ఆగి అడిగాడు.

"మామా, మూటలోనా, ఉత్తగానా?"

"మూటలోనేరా నాయనా, నీకు పుణ్యముంటుంది!"

సరుకెంత గొప్పదైనా, దాన్ని చేర్చేవాళ్లను చులకన చేస్తే అది దారిలోనే పోతుంది.