నక్కగారి నీలిమంట

అడవి అంచున పశువులపేటలో పొద్దు పొడిచిందంటే పొగే. పచ్చికంపలు ఎగదోసి కుడితి కాచుకోవడం, కళ్ళు నులుముకోవడం అక్కడివాళ్ళకు రోజూ ఉండేదే. గేదె పోలమ్మకూ అది అలవాటే. కానీ ఆమె దూడ ఆ పొగకు దగ్గి దగ్గి, పాలు కూడా తాగలేక డొక్కలెగరేస్తుంటే పోలమ్మ గుండె చెరువయ్యేది.

అటు సింహం కొలువులో మద్దిదుంగలు రాత్రింబవళ్ళు కాలుతూనే ఉండేవి. దాన్ని పొగ అనరు, రాజవైభవం అంటారు. ఒకనాడు రాజుగారు తుమ్మారు. ఆ తుమ్ముకు కారణం పేటలోని పొయ్యిలేనని మంత్రి నక్క ఇట్టే తేల్చేసింది.

"పాపం, పేదవాళ్ళు! వాళ్ళకు గోబర్ గ్యాస్ పెట్టించు," అన్నారు రాజుగారు.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వాలి కదా! నక్క ఆ గ్యాస్ తయారయ్యే పేడతొట్టిని తన పెరట్లోనే కట్టించుకుంది.

"పేటకని చెప్పి మీ పెరట్లో ఏంటి మంత్రిగారూ?" అని అడిగింది పోలమ్మ.

"మీ మధ్య ఉంటే తొక్కి పాడుచేస్తారమ్మా. మీరు పేడ తెచ్చిపోస్తే చాలు. గ్యాస్ గొట్టంలో మీ గుమ్మం దాకా వస్తుంది."

పేటవాళ్ళు నమ్మారు. గాడిద గురవయ్య తెల్లారకముందే పేడ మోసేవాడు. పోలమ్మ రాళ్ళూ గడ్డీ ఏరి, నీళ్ళు పోసి కలిపి తొట్టిలో వదిలేది. గొట్టం మాత్రం ముందు నక్క వంటింట్లో దూరి, ఆ తర్వాతే పేటకు బయల్దేరింది. నక్క ఇంట పొద్దస్తమానం పీతల పులుసు ఉడికేది. పేట పొయ్యిల్లోకి వచ్చేది ఉత్త వాసనే. దూడ దగ్గు అలాగే ఉంది.

"కొత్త కోడలు కదమ్మా, గడప దాటడానికి గ్యాస్‌కి సిగ్గు," అంది నక్క.

"సొమ్మొకడిది, సోకొకడిది," అని గురవయ్య మండిపడ్డాడు. "పద పోలమ్మా, రాజుగారికి మొరపెట్టుకుందాం."

"మొరపెడితే విచారించేది ఈ మంత్రిగారే. కాస్త ఆగు గురవన్నా."

కొన్నాళ్ళకు రాజుగారు తొట్టి చూడ్డానికి వచ్చారు. నక్క రొమ్ము విరుచుకుని నిలబడింది. "ప్రభూ, ఈ పేటవాళ్ళు ఒళ్ళు వంచరు. పేడ ఎత్తడం దగ్గర్నుంచి కలపడం దాకా అన్నీ ఈ చేతులే."

గురవయ్య ఓండ్రపెట్టబోయాడు. పోలమ్మ తోకతో అతని మూతిమీద ఒక్కటిచ్చి ముందుకొచ్చింది.

"నిజం ప్రభూ! మేమెందుకూ కొరగాం. మమ్మల్ని ఈ తొట్టి ముట్టుకోనివ్వద్దని మీరే ఆజ్ఞ ఇవ్వండి. మంత్రిగారి చేతి మహిమ చెడిపోతుంది."

రాజుగారి కళ్ళు చెమర్చాయి. "ఎంత సేవ! పేటవాళ్ళెవరూ ఈ తొట్టి ఛాయలకు రాకూడదు. రేపట్నుంచి మా వంటకూడా నీ గ్యాస్ మీదే!"

నక్క నోరు తెరిచింది. ఆ నోటికి నిజం చెప్పే అలవాటు లేదు కనుక "చిత్తం" అంది.

మర్నాడు మంత్రిగారు తట్ట పట్టారు. కాకులు కొమ్మల మీద పడీపడీ నవ్వాయి. రాళ్ళు ఏరకుండా పోసేసరికి తొట్టి పూడుకుపోయింది. నీలిమంట చిక్కి చిక్కి ఆరిపోయింది. రాజుగారి పలావు ఉడకలేదు, గర్జన మాత్రం ఉడుకుతూ వచ్చింది. కుడితిలో పడ్డ ఎలుకలా నక్క పోలమ్మ కొట్టం దగ్గరికి పరుగెత్తింది.

"అక్కా, నా పరువు నీ చేతుల్లో ఉంది. ఒక్కసారి వచ్చి తొట్టి చూడు."

"అమ్మో, రాజాజ్ఞ! ఆ తొట్టి ఛాయలకు రాకూడదు. మా పేటలో ఇంకోటి కట్టించు. దాని ఛాయలకు వెళ్ళొద్దని ఆజ్ఞ లేదుగా."

"మరి నా వంటిల్లు?"

"గొట్టం చివర. మేం వండుకోగా మిగిలింది నీదే."

"రాజుగారికి ఏం చెప్పను?"

"దుంగల మీద వండితేనే రాజభోజనానికి రుచి అని చెప్పు. నీకు మాటలు నేర్పాలా?"

అలాగే జరిగింది. పేటలో పొగ పోయింది. పోలమ్మ దూడ దగ్గకుండా కడుపునిండా పాలు తాగింది. ఆ రోజు పోలమ్మ ఆనందంతో ఏడ్చింది. కొలువులో మాత్రం దుంగల పొగ మధ్య కళ్ళు తుడుచుకుంటూ రాజుగారు నక్కకు దండ వేసి 'పొగలేని మంత్రి' అని బిరుదిచ్చారు. నక్క దండతో ఇంటికొచ్చి పొయ్యి వెలిగించబోతే మంట రాలేదు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. ఇక్కడ వడ్డించేది పోలమ్మ.

నీతి: తొట్టి ఎవరి పెరట్లో ఉంటే మంట వాళ్ళదే, ముందు పెరడు చూసుకుని తర్వాత పథకానికి దండెయ్యండి.